దేవతకు తగిన పూజారి పాత్రను ఎలా మలచుకోవాలి?

అనంతపురంలో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే పాత్రధారణ ఆట ఆడుకునే ఒక బృందంలో ఏ దేవతను కొలిచినా క్లెరిక్ (పూజారి) పాత్రలన్నీ ఒకేలా, గాయాలు మాన్పే యంత్రాల్లా తయారవుతున్నాయనీ, దీనికి మార్గమేమిటనీ మీరు అడిగారు.

ఈ ఆట నియమావళికి ఈ చిక్కు కొత్తది కాదు. 1989 నాటి రెండవ కూర్పు మంత్రాలను వర్గాలుగా విడదీసి, దేవతను బట్టి పూజారికి ప్రత్యేక శక్తులు ఇచ్చే వీలు కల్పించింది. 2000లో వచ్చిన మూడవ కూర్పులో క్లెరిక్ తన దేవతకు చెందిన డొమైన్లలో (సొంత మంత్రాలున్న రంగాలలో) రెండింటిని ఎంచుకునేవాడు. 2014 నాటి అయిదవ కూర్పులో అది ఒక్కటే అయింది. అయితే డొమైన్ పేరు చూసి ఎంచుకుని ఊరుకోవడమే అసలు పొరపాటని నా అభిప్రాయం.

మీ సీమకే తగిన ఒక వానదేవతను కల్పించుకోండి. నియమాల ప్రకారం ఆమెకు టెంపెస్ట్ (తుఫాను) డొమైన్ దగ్గరగా కనిపిస్తుంది గాని, అందులో ఉరుములూ పిడుగులే ఎక్కువ; వేరుశనగ విత్తి మబ్బుకేసి చూసే రైతు మొక్కేది పిడుగుకు కాదు కదా. కాబట్టి ఆటను నడిపేవారి అనుమతితో, మొదటి స్థాయి డొమైన్ మంత్రాల్లో పొగమంచు మంత్రాన్ని ఉంచి, ఉరుముతో దెబ్బతీసే థండర్‌వేవ్ బదులు అదే స్థాయిలోని, పండ్లను సృష్టించే గుడ్‌బెర్రీని తీసుకోండి. దాని ఒక్క పండు ఒక మనిషికి ఒక రోజు ఆహారం. స్థాయి మారదు కనుక ఆటలో బలాబలాల తూకం పెద్దగా చెడదు. నీటిని సృష్టించే మంత్రం క్లెరిక్‌లందరికీ ఉన్నదే. పది గ్యాలన్ల ఆ నీటిని ముందు ఇతరులకు పోసి, చివరనే తాను తాగాలన్న వ్రతం పెడితే పాత్ర స్వభావం దానంతటదే తెలుస్తుంది. ఆయుధం, వేషం సంగతి మీ ఇష్టం.