ఇంటి రిపేరుకు ఎవరిని నమ్మాలి?

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్‌లో పాత ఇల్లు కొన్నాం. మొన్న మేమిద్దరం ఆఫీసులో ఉండగా ఎవరో తలుపు కొట్టి, మీ కప్పు మీద పెంకులు జారాయి, ఇవాళ చేయకపోతే కూలుతుందని భయపెట్టి, గుంటూరు నుంచి వచ్చిన మా మామగారి దగ్గర 400 పౌండ్లు నగదు తీసుకుని వెళ్లారు. వానకి ఇంకా కారుతూనే ఉంది, ఫోన్ ఎత్తరు. దీనికి తోడు ఇంటిని, నీళ్లని వేడిచేసే గ్యాస్ బాయిలర్ మొరాయిస్తోంది. మన ఊళ్లో అయితే పక్కింటివాళ్లని అడిగి మేస్త్రీని పిలుచుకుంటాం. ఇక్కడ ఎవరిని అడగాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీ మామగారిని ఒక్క మాట కూడా అనకండమ్మా. పగటిపూట పెద్దవాళ్లు మాత్రమే ఉండే ఇళ్లు చూసుకునే వీళ్లు వస్తారు. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు కూడా రోజూ మోసపోతున్నారు.

ఆ డబ్బు సంగతి వదిలేయకండి. పిలవకుండా ఇంటికొచ్చి 42 పౌండ్లు దాటిన పని కుదుర్చుకుంటే, 14 రోజుల్లో రద్దు చేసుకునే హక్కు మీకుందని వాళ్లు రాతపూర్వకంగా ఇవ్వాలి. 2013 నుంచి ఉన్న నిబంధన ఇది. ఆ కాగితం ఇవ్వకపోవడమే నేరం. ఉచితంగా సలహా ఇచ్చే సంస్థ సిటిజన్స్ అడ్వైస్ వాళ్ల 0808 223 1133కి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పండి, వాళ్లే ట్రేడింగ్ స్టాండర్డ్స్‌కి, అంటే వ్యాపారుల మోసాలపై చర్య తీసుకునే స్థానిక ప్రభుత్వ శాఖకి, చేరవేస్తారు.

ఇక ఎవరిని నమ్మాలన్నది. మీ ఊరున్న హాంప్‌షైర్ కౌంటీలో 'బై విత్ కాన్ఫిడెన్స్' అనే పథకం ఉంది, ట్రేడింగ్ స్టాండర్డ్స్ శాఖలు నడిపేది. అందులో పేరుండాలంటే ఆ పనివాడి మీద పాత ఫిర్యాదులేమైనా ఉన్నాయా అని చూస్తారు, ఇంతకుముందు పని చేయించుకున్నవాళ్లని అడుగుతారు. చేరేవాళ్లు రుసుము కడతారన్నది నిజమే, కానీ తనిఖీ చేసేది అధికారులు. డబ్బు కడితే పేరు వేసే ప్రకటనల పేజీకీ దీనికీ చాలా తేడా ఉంది, నా మట్టుకు నేను ముందు ఇందులోనే వెతుకుతాను. ఎడిన్‌బరోలో ఉన్న మన వాళ్లకైతే కౌన్సిల్ మద్దతుతో నడిచే 'ట్రస్టెడ్ ట్రేడర్' ఉంది. దేశం మొత్తానికి ప్రభుత్వం గుర్తించిన 'ట్రస్ట్‌మార్క్' ఉంది.

అయితే వ్యాన్ మీద ఈ పథకాల గుర్తు అతికించుకోవడం ఎంతసేపు? అందుకే వాళ్లిచ్చిన కార్డు మీది నంబరుకి ఫోన్ చేసి అడగడం కాకుండా, మీరే ఆ పథకం వెబ్‌సైట్ తెరిచి అందులో వాళ్ల పేరు ఉందో లేదో చూసుకోండి.

బాయిలర్ విషయంలో మాత్రం అసలు రాజీ పడొద్దు. గ్యాస్ పని చేసే ప్రతి ఒక్కరూ చట్టప్రకారం 'గ్యాస్ సేఫ్ రిజిస్టర్'లో ఉండాలి. 2009లో 'కోర్గి' అనే పాత రిజిస్టర్ స్థానంలో వచ్చింది ఇది. అందులో ఉన్నవాళ్లకి ఒక గుర్తింపు కార్డు ఉంటుంది. ఫొటో, లైసెన్స్ నంబరు, గడువు తేదీ కార్డు ముందు వైపు ఉంటాయి, చాలామంది అది చూసి లోపలికి రానిస్తారు. వెనక్కి తిప్పి చూడండి, ఏ పరికరాల మీద పనిచేయడానికి అర్హత ఉందో అక్కడే రాసి ఉంటుంది. మా ఇంటికి బాయిలర్ చూడ్డానికి వచ్చిన ఒకాయన కార్డు వెనక వంట స్టవ్ తప్ప ఇంకేం లేదు, టీ ఇచ్చి పంపించేశాను. అనుమానం వస్తే గ్యాస్ సేఫ్ వాళ్ల 0800 408 5500కి ఫోన్ చేసి కార్డు మీది లైసెన్స్ నంబరు చదివితే చెప్తారు. గ్యాస్ వాసన వచ్చిందంటే ఇవన్నీ పక్కనపెట్టి, ఇంట్లోంచి బయటికొచ్చి గ్యాస్ ఎమర్జెన్సీ నంబరు 0800 111 999కి ఫోన్ చేయండి.

చలి మొదలైంది కాబట్టి ముందు బాయిలర్ చేయించండి. కప్పు పనికి కనీసం ముగ్గురి దగ్గర రాతలో అంచనా తీసుకోండి, వీలైతే క్రెడిట్ కార్డు మీద కట్టండి, ఎందుకంటే 100 పౌండ్లు దాటి 30,000 లోపు పనికి తేడా వస్తే కార్డు కంపెనీ కూడా జవాబుదారీ అవుతుంది. కొత్తవాళ్లు నిచ్చెన వేసేలోపే కారుతున్న చోటుని, ఆ పెంకుల్ని ఫొటోలు తీసిపెట్టుకోండి, మీ ఫిర్యాదుకి అవే సాక్ష్యం.