స్కోరు 5 వచ్చినా ఆగకండి, ఈ రాత్రే తీసుకెళ్లండి

అన్నా, నాటు వేసేటప్పుడు బాపు కాలికి ముల్లు గుచ్చుకుందని, షుగర్ ఉందని, కండరాల మీది పొర కుళ్లే ఇన్ఫెక్షన్ (నెక్రోటైజింగ్ ఫేషియైటిస్) ఉందేమోనని రక్త పరీక్షల రిపోర్టులు చూసి, దాన్ని అంచనా వేసే ఎల్‌ఆర్‌ఐఎన్‌ఈసీ స్కోరు 5 వచ్చిందని, అనుమానించాల్సిన 6 కంటే తక్కువే కాబట్టి సోమవారం దాకా ఆగొచ్చా అని అడిగారు. ఆగొద్దు. మీ లెక్క సరిగ్గానే ఉంది, సోడియం 131కి 2 పాయింట్లు, హిమోగ్లోబిన్ 10.8కి 2, షుగర్ 290కి 1, కానీ సీఆర్‌పీ (ఒంట్లో ఇన్ఫెక్షన్, వాపు ఎంతుందో చూపే రక్త పరీక్ష) చేయించలేదన్నారు కదా, దాన్ని సున్నా అనుకున్నారు. అది 150 దాటితే ఒక్కదానికే 4 పాయింట్లు, అంటే మొత్తం 9. అసలు స్కోరు తక్కువున్నా ఈ జబ్బు లేదని చెప్పలేం, తక్కువ స్కోరుతోనే లోపల కండరాల మీది పొర కుళ్లిన కేసులు చాలా ఉన్నాయి.

నాకు టెన్షన్ పెట్టింది మీరు చివర్లో రాసిన మాట: ఎరుపు చిన్నదే కానీ నొప్పికి అరుస్తున్నాడు, వాపు ఎరుపు దాటి మోకాలి దాకా గట్టిగా ఉంది. నీటి బొబ్బలు, చర్మం నల్లబడడం, నొక్కితే కరకరలాడడం వచ్చేదాకా చూడొద్దు, అవి ఆలస్యంగా వస్తాయి. నొప్పి ఉన్నట్టుండి తగ్గి మొద్దుబారితే నయమైనట్టు కాదు, నరాలు చచ్చిపోతున్నట్టు. చచ్చిన కండకు రక్తం అందదు, మందూ చేరదు, అందుకే కోసి తీసేయాల్సిందే.

నర్సంపేట నుంచి 108లో నేరుగా వరంగల్ ఎంజీఎం క్యాజువాలిటీకి వెళ్లండి, సర్జన్ చూడాలని గట్టిగా అడగండి. తికమకగా మాట్లాడినా, మూత్రం తగ్గినా, ఆయాసపడినా వెంటనే చెప్పండి. షుగర్ మందులు, చివరిసారి ఎప్పుడు తిన్నాడో రాసి పెట్టుకోండి, ఆపరేషన్‌కు ముందు అడుగుతారు.