మొదటి వారం మెరుపు, మూడో ఏటి వాయిదా

ప్రశ్న: సార్, నా వయసు 34. పదేళ్ళుగా మామూలు హ్యాచ్‌బ్యాక్ నడుపుతున్నాను. మా ఆఫీసులో ఒకాయన కొన్న ఎంట్రీ లెవెల్ లగ్జరీ సెడాన్‌లో ఓ రాత్రి కూర్చున్నాను. అప్పట్నుంచి మనసు దాని మీదే ఉంది. ఆ స్క్రీన్లు, తలుపుల వెంట వెలిగే లైట్లు, ఆ సీటు! కొన్నవాళ్ళ అభిప్రాయాలు నలభై దాకా చదివాను. అందరూ లోపలి ఫినిషింగ్‌నే మెచ్చుకుంటున్నారు. టాప్ వేరియంట్ ధర నా చేతికొచ్చే జీతంతో లెక్కేస్తే 17 నెలల మొత్తం. 20 శాతం డౌన్‌పేమెంట్ కట్టి, మిగతాది 9 శాతం వడ్డీకి 7 ఏళ్ళ లోన్ తీసుకుందామని ఉంది. ఈఎంఐ జీతంలో 22 శాతం వస్తోంది. హోమ్ లోన్ వేరే నడుస్తోంది. డౌన్‌పేమెంట్ పోగా చేతిలో ఒక నెల ఖర్చులకు మిగులుతుంది. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు, ఆయన కూర్చునేది వెనక సీట్లో. కొనొచ్చా?

జవాబు: కారు వద్దని చెప్పను. ఆ వేరియంట్, ఆ ఏడేళ్ళ లోన్ మాత్రం వద్దంటాను. ఎందుకో చెప్పే ముందు, మీరు చదివిన ఆ నలభై అభిప్రాయాల సంగతి చూద్దాం. మీ నిర్ణయం సగం వాటి మీదే నిలబడి ఉంది కదా.

వాటిలో ఎన్ని కారు ఇంటికొచ్చిన నెలలోపు రాసినవో ఒకసారి లెక్కపెట్టండి. ముప్పై దాటితే నేనేం ఆశ్చర్యపోను. కొత్త కారు గురించి రాసేవాళ్ళు అబద్ధం చెబుతారని కాదు. అప్పటికి వాళ్ళు దాన్ని కళ్ళతోనే చూశారు. నడుము, మోచెయ్యి, వేలిగోళ్ళు ఇంకా అభిప్రాయం చెప్పలేదు.

నేనూ ఇలాంటిదొకటి ఐదేళ్ళు నడిపాను. మొదటి వారంలో అడిగుంటే గేర్ చుట్టూ ఉన్న నల్లటి అద్దంలాంటి పలక గురించే చెప్పేవాణ్ణి. దాన్ని పియానో బ్లాక్ అంటారు. ఆరో నెలలో ఓ సాయంత్రం ఎండ ఏటవాలుగా పడి, దాని మీద సాలెగూడులా వందల గీతలు కనిపించాయి. తుడిచిన ప్రతిసారీ నేనే గీశానన్నమాట. లోపలి లైట్లకి ఎన్నో రంగులు వచ్చాయి. రెండో వారం ఒక పసుపు రంగు దగ్గర ఆగాను. కారు అమ్మేనాటికీ అదే రంగు. ఐదేళ్ళ తర్వాత కూడా నేను మిస్సయినవి మూడే: తొడల కింద ముందుకు జరిగే సీటు అంచు, కిటికీలు ఎత్తితే వచ్చే నిశ్శబ్దం, మలుపులో రోడ్డును ముందే చూపించిన హెడ్‌లైట్లు. ఈ మూడింటి గురించీ మొదటి నెలలో నేను ఒక్క మాట కూడా అనలేదు.

అందుకని మీరు చేయాల్సిన పని ఒకటుంది. ఆ నలభైలో మూడేళ్ళు దాటినవాళ్ళు రాసినవి ఏరి చదవండి. వాళ్ళు పొగిడే వాటి మీద డబ్బు పెట్టండి.

రెండో సంగతి, బ్రోచర్ ఫొటో. మెర్సిడెస్ 2018లో ఏ-క్లాస్‌తో ఎంబీయూఎక్స్ అనే కొత్త తెరల వ్యవస్థ తెచ్చినప్పుడు అందరూ చూసింది డాష్‌బోర్డు మీద పక్కపక్కనే పరుచుకున్న రెండు 10.25 అంగుళాల తెరలు. అదే కారు మొదటి వేరియంట్‌లో ఉన్నవి రెండూ 7 అంగుళాలవి. అదే చట్రంలో చిన్న తెరలు పెడితే చుట్టూ నల్లటి ఖాళీ కనిపిస్తుంది. అంటే మీ మనసు దోచిన కారు, ప్రకటనలో ధర కనిపించే కారు, రెండూ ఒకటి కావు. ఈ తరగతి కార్ల వ్యాపారమే ఇది: బ్యాడ్జి కింది వేరియంట్‌లో, బొమ్మ పై వేరియంట్‌లో.

లెదర్ కూడా అంతే. మెర్సిడెస్ ఆర్టికో, బీఎండబ్ల్యూ సెన్సాటెక్, లెక్సస్ న్యూలక్స్... పేర్లు ఘనంగా ఉంటాయి గానీ ఇవన్నీ కృత్రిమంగా తయారైనవే. నన్నడిగితే అది లోపమేం కాదు, తుడవడం తేలిక. అసలు లెదర్ కోసం అదనంగా కట్టాలా అని మీరు అడిగుంటే వద్దనే చెప్పేవాణ్ణి. ఇక చెయ్యి ఆనే చోట మెత్తగా, మోకాలి కిందికి వస్తే తట్టగానే టకటకమనే గట్టి ప్లాస్టిక్. పైన పటారం లోన లొటారం అన్నంత ఘోరం కాదు గానీ, పిసినారితనం ఎక్కడ చూపించాలో ఆ కంపెనీలకు బాగా తెలుసు. డోర్ జేబులో చెయ్యి పెట్టి లోపల గుడ్డ ఉందో లేదో చూడండి. నీళ్ళ సీసా పెట్టినప్పుడు వచ్చే చప్పుడు రోజూ వినాల్సింది మీరే.

అడుగున ఏముందో కూడా తెలిసుండాలి. 1996లో వచ్చిన మొదటి ఆడి ఏ3 కిందా, ఆ మరుసటి ఏడు వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ కిందా ఉన్నది ఒకే పునాది, అంటే ప్లాట్‌ఫామ్. 2012 తర్వాత ఎంక్యూబీ అనే మరో పునాది మీద ఏ3, గోల్ఫ్, స్కోడా ఆక్టేవియా మూడూ తయారయ్యాయి. బీఎండబ్ల్యూ 1 సిరీస్ 2019లో ముందు చక్రాలతో నడిచే కారుగా మారింది. దాని పునాదిని మినీలతో పంచుకుంది. ఇందులో మోసమేమీ లేదు. కానీ మీరు అదనంగా కడుతున్న డబ్బులో పెద్ద వాటా లోపలి అలంకరణకీ, నిశ్శబ్దానికీ, ముందు మెరిసే గుర్తుకీ పోతోంది. ఆ గుర్తుకి ఎంత ఇస్తున్నారో తేల్చుకోవాలంటే, అదే కుటుంబంలోని మామూలు బ్రాండు టాప్ వేరియంట్‌లో అరగంట కూర్చుని రండి. సీట్ల వెంటిలేషన్, పెద్ద తెర, కెమెరాలు అందులోనే దొరకొచ్చు, లగ్జరీ కారు మొదటి వేరియంట్‌లో లేకపోవచ్చు.

ఇప్పుడు ఫీచర్లు. నేను వాటిని కొనే రోజు ధరతో కాకుండా, పాడైన రోజు బిల్లుతో తూస్తాను. వేగం లాంటివి డ్రైవర్ ఎదుటి అద్దం మీదే చూపించే హెడ్‌అప్ డిస్‌ప్లే ఉన్న కారుకి ముందు అద్దం మామూలుది కాదు. బొమ్మ రెండుగా కనబడకుండా మధ్య పొర ఒకవైపు మందంగా, ఇంకోవైపు పలచగా చేస్తారు. ఆ అద్దం వెనకే లేన్ చూసే కెమెరా ఉంటుంది. చిన్న రాయి తగిలి అద్దం మారిస్తే కెమెరాని మళ్ళీ కేలిబ్రేట్ చేయించాలి, అంటే దాని చూపు సరిచేయించాలి. ఎల్‌ఈడీ హెడ్‌లైట్లో బల్బు మార్చడం అంటూ చాలావాటిలో ఉండదు, మొత్తం సెట్టే మార్చాలి. పెద్ద చక్రాలు ఫొటోలో బాగుంటాయి, కానీ టైరు అంచు సన్నబడి గుంతల కుదుపంతా సీటుకే చేరుతుంది. దానికి తోడు రన్‌ఫ్లాట్ టైర్లయితే పంక్చరైనా గంటకు 80 కిలోమీటర్ల వేగం మించకుండా ఇంకో 80 కిలోమీటర్ల దాకా నడపొచ్చు. అది మంచిదే. టైరు పక్క గోడలు బిరుసుగా ఉండటం, మార్చేటప్పుడు ధర ఎక్కువ కావడం దాని రెండో ముఖం. ‘సీటు బ్రహ్మాండం, ప్రయాణం మాత్రం గట్టిగా ఉంది’ అని కొందరు రాసి ఉంటారు చూడండి, వాళ్ళ చక్రాల సైజు ఎంతో కనుక్కోండి. చిన్న చక్రాల వేరియంట్‌లో అదే సీటు ఇంకా బ్రహ్మాండంగా అనిపిస్తుంది. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడే పరిస్థితి రాకూడదంటే, టైర్లు, అద్దం, ఇన్సూరెన్స్ ధరలు బుకింగ్‌కి ముందే రాతపూర్వకంగా తెచ్చుకోండి.

బటన్ల గురించి ఒక్క మాట, ఇది నా చాదస్తం అనుకున్నా సరే. 2020 ఏ3లో, 2022 బీఎండబ్ల్యూ ఎక్స్1లో చేతికింద తిప్పే గుండ్రటి నాబ్ తీసేశారు. తెరే దిక్కు. కార్ల భద్రతకి మార్కులిచ్చే యూరప్ సంస్థ యూరో ఎన్‌క్యాప్ చూసి చూసి, 2026 నుంచి వైపర్లు, ఇండికేటర్లు, హారన్ లాంటి వాటికి అసలైన మీటలు లేకపోతే మార్కులు తగ్గుతాయని చెప్పింది. టెస్ట్ డ్రైవ్‌లో రోడ్డు మీంచి చూపు తిప్పకుండా ఏసీ రెండు డిగ్రీలు తగ్గించి చూడండి. చేయలేకపోతే ఆ అసౌకర్యం రోజుకి పదిసార్లు.

తెర ఉన్నచోట చందా కూడా ఉంటుంది. బీఎండబ్ల్యూ ఒకప్పుడు ఐఫోన్‌ని కారు తెర మీద చూపించే యాపిల్ కార్‌ప్లేకి ఏటా డబ్బు అడిగి 2019 చివర్లో మానుకుంది. 2022లో కొన్ని దేశాల్లో సీటు వేడెక్కడానికి నెలవారీ చందా పెట్టింది. తీగలు సీట్లోనే ఉన్నాయి, తాళం సాఫ్ట్‌వేర్‌లో. జనం మండిపడటంతో 2023లో ఆ పని ఆపింది. మీరు చూసే కారులో మ్యాపులు, రిమోట్ యాప్ లాంటివి ఎన్నేళ్ళు ఉచితం, ఆ తర్వాత ఎంత అని అడగండి. సేల్స్‌మ్యాన్ ‘అదేం పెద్ద విషయం కాదు సార్’ అంటే, ఆ పెద్దది కాని విషయాన్నే కాగితం మీద రాసిమ్మనండి.

ఇక అసలు లెక్క. కారు ధర 100 అనుకుందాం. మీరు 20 కట్టి 80 అప్పు చేస్తున్నారు. 9 శాతానికి 7 ఏళ్ళంటే నెలకి 1.29 చొప్పున మొత్తం 108 కడతారు, వడ్డీ 28. అదే 4 ఏళ్ళలో తీరిస్తే వడ్డీ 16 లోపే. కానీ అప్పుడు ఈఎంఐ మీ జీతంలో 34 శాతం దగ్గరకి పోతుంది. అది చూడగానే మీరే ‘అమ్మో’ అంటారు. ఏడేళ్ళ లోన్ చేసేది ఆ ‘అమ్మో’ని మీకు వినపడకుండా చేయడం. కారు ఖరీదు తగ్గలేదు, నొప్పి మాత్రం పలచగా పరుచుకుంది.

మూడేళ్ళ తర్వాత సంగతి చూడండి. అప్పటికి మీరు ఇంకా 52 బాకీ. కారు విలువ సగానికి పడిందనుకోండి, ఈ తరగతిలో అది అతిశయోక్తి లెక్క కాదు, చేతిలో ఉన్నది 50. అమ్మినా అప్పు తీరదు. పెద్ద ప్రమాదం జరిగి కారు పూర్తిగా పోతే మామూలు పాలసీ ఇచ్చేది ఆనాటి విలువే, లోన్ బాకీ కాదు. ఆ తేడా భరించే కవర్ విడిగా తీసుకోకపోతే లేని కారుకి వాయిదాలు కడతారు. చేతిలో ఒక నెల ఖర్చులు మాత్రమే ఉన్న మనిషికి, హోమ్ లోన్ ఉన్న మనిషికి, నేను ఈ సాహసం చెప్పలేను. పైగా ఆ టాప్ వేరియంట్‌కి కట్టే అదనపు డబ్బు అందరికంటే ముందు కరిగేది. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాడు ముందు ఏ ఏడాది, ఎన్ని కిలోమీటర్లు అని అడుగుతాడు. మీ 64 రంగుల లైట్లు అతనికి ఉచితంగా వచ్చే బహుమతి.

ఆ బహుమతి అందుకునేవాడు మీరే ఎందుకు కాకూడదు? అదే మోడల్ మూడేళ్ళది, కంపెనీ సర్వీసు రికార్డు పూర్తిగా ఉన్నది, సగం ధరకి దొరికిందనుకుందాం. అంటే మీ ఎనిమిదిన్నర నెలల జీతం. మీ దగ్గరున్న డౌన్‌పేమెంట్ మొత్తం అందులో 40 శాతం అవుతుంది. పాత కారు అని వడ్డీ 11 శాతం వేసినా, 4 ఏళ్ళకి ఈఎంఐ జీతంలో 13 శాతం. అయితే వెంటనే కాదు. ముందు ఒక ఏడాది పాటు, ఆ 22 శాతం ఈఎంఐ ఇప్పుడే కడుతున్నట్టు ప్రతి నెలా ఒకటో తారీఖున వేరే ఖాతాకి పంపండి. ఏడాది తిరిగేసరికి రెండున్నర నెలల జీతం పైగా జమవుతుంది. దాన్ని కారులో పోయకండి, అత్యవసర నిధిగా అట్టే ఉంచండి. మధ్యలో రెండు నెలలు పంపలేకపోయారంటే ఆ ఈఎంఐ మీకు ఎంత బరువో లోన్ లేకుండానే తెలిసిపోతుంది.

పాతది చూసేటప్పుడు లోపలి భాగమే మీకు సాక్ష్యం. డ్రైవర్ సీటు తలుపు వైపు అంచు నలిగి మడతలు పడిందా, స్టీరింగ్ మీద చేతులు పెట్టే చోట నునుపుదేలి మెరుస్తోందా, బటన్ల మీద బొమ్మలు అరిగాయా చూడండి. మీటర్ 30,000 కిలోమీటర్లు చూపిస్తూ స్టీరింగ్ లక్ష కిలోమీటర్ల కథ చెబుతుంటే స్టీరింగ్‌నే నమ్మండి. సన్‌రూఫ్ ఉంటే పైకప్పు గుడ్డ మూలల్లో నీటి మరకలు వెతకండి. నీళ్ళు పోయే సన్న గొట్టాలు పూడుకుపోతే తేమ ముందు అక్కడే చేరుతుంది.

నాన్నగారి మాట చివరికి ఉంచాను. మీ నలభై అభిప్రాయాల్లో వెనక సీట్లో కూర్చున్నవాళ్ళు రాసినవి ఎన్ని? ఈ తరగతి సెడాన్లలో కొన్నిటికి కూపేలా పైకప్పు వెనక్కి వాలుతుంది. బయట్నుంచి ఎంత అందమో, ఎక్కేటప్పుడు తల అంత వంచాలి. సీటు కిందికి ఉంటే మోకాళ్ళు పైకి లేస్తాయి. వెనక మధ్యలో నేల ఉబ్బెత్తుగా ఉంటుంది, కారు ముందు చక్రాలతో నడిచేదైనా సరే, అదే బాడీ నాలుగు చక్రాలతో నడిచే వెర్షన్‌కీ వాడతారు కాబట్టి.

మీ ఆఫీసు మిత్రుణ్ణి అడిగి ఆదివారం ఆ కారు ఇంటికి తెప్పించండి. నాన్నగారిని మూడుసార్లు ఎక్కి దిగమనండి. మొదటిసారి ఆయన బాగుందనే అంటారు, మీ మొహం చూసి. మూడోసారి దిగేటప్పుడు ఆయన చెయ్యి దేన్ని పట్టుకుందో గమనించి నాకు రాయండి. ఏ మోడల్ లెక్క వేయాలో దాన్ని బట్టి చూద్దాం.