ఇంజిన్ దించే ముందు సీ బుక్కు తెరవండి

ప్రశ్న: న్యాయవాది గారికి నమస్కారం. మాది పలాస దగ్గర పల్లె. మందస వైపు కొండ వాలులో మాకు జీడితోట ఉంది. మా నాన్నగారు 1996లో కొత్తగా కొన్న మహీంద్రా ఎం.ఎం. 540 ఫోర్‌వీల్ జీపు ఇప్పటికీ మా దగ్గరే ఉంది. ఆయన రెండేళ్ళ క్రితం కాలం చేశారు. ఇప్పుడు ఇంజిన్ పాడైంది. దాన్ని బాగు చేయించడం దండగనీ, ఈ మధ్య రకం పికప్ వాహనం ఇంజిన్ ఒకటి పాతది దొరికిందనీ, అది బిగించేద్దామనీ మెకానిక్ అంటున్నాడు. పనిలో పనిగా ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేసి, ముందు ఇనుప గార్డు, పైన లైట్ల వరుస పెట్టించి, మిలిటరీ ఆకుపచ్చ రంగు కొట్టించాలని నా కోరిక. బండి ఎక్కువగా మా తోటలోనే తిరుగుతుంది. సెలవుల్లో మిత్రులతో మహేంద్రగిరి అడవుల వైపు, బారువ ఇసుక తీరానికి వెళ్తాను. దీనికి చట్టం అడ్డు వస్తుందా? ఈ నవంబరుతో రిజిస్ట్రేషన్ గడువు కూడా ముగుస్తుంది.
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీరు అడగని సంగతితో మొదలుపెడతాను. సీ బుక్కు, అంటే బండి రిజిస్ట్రేషన్ పత్రం, ఎవరి పేరున ఉంది? మీ ఉత్తరంలో ఆ మాట లేదు కాబట్టి ఇంకా నాన్నగారి పేరునే ఉందని అనుకుంటున్నాను. యజమాని చనిపోతే వారసుడు 30 రోజుల్లో ఆ విషయం రవాణా కార్యాలయానికి తెలపాలి, మూడు నెలల్లో ఫారం 31తో తన పేరుకు మార్చమని దరఖాస్తు చేసుకోవాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 56వ నిబంధన ఇది. మీకు ఆ గడువు ఎప్పుడో దాటింది. ఆలస్యానికి కొంత సొమ్ము కట్టమంటారు, కట్టేయండి. మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, మీ అమ్మగారూ తోబుట్టువులూ అభ్యంతరం లేదని రాసిచ్చిన కాగితం సిద్ధం చేసుకోండి. మార్పులకు అనుమతి అడగవలసింది యజమాని. కార్యాలయం లెక్కలో ఆ యజమాని ఇంకా మీ నాన్నగారే.

ఇక ఇంజిన్. జీపు పాత ఇంజిన్‌ను దించి బోరు చేయించండి (అరిగిన సిలిండర్లను లోపల చెక్కించడం), పిస్టన్లు, రింగులు మార్పించండి, క్రాంకు లేత్‌కు పంపించండి, గేర్ బాక్సు విప్పించండి, అరిగిన కమాన్ పట్టీలు తీసి అదే కొలతవి వేయించండి. వీటిలో దేనికీ ఎవరి అనుమతీ అక్కరలేదు. ఇదంతా మరమ్మతు. బండి తయారైన నాటి స్థితికి దాన్ని తిరిగి తెచ్చుకోవడం మీ ఇష్టం. అదే కంపెనీ, అదే రకం ఇంజిన్ మరొకటి దొరికితే అది కూడా పెట్టుకోవచ్చు. కాకపోతే దానికి ముందు అనుమతి, తర్వాత 14 రోజుల్లో సీ బుక్కుతో సహా సమాచారం ఇచ్చి కొత్త ఇంజిన్ నంబరు ఎక్కించుకోవడం తప్పదు.

మీ మెకానిక్ చెప్పే పికప్ ఇంజిన్ ఈ కోవలోకి రాదు. కంపెనీ ఒకటే అయినంత మాత్రాన రకం ఒకటి కాదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకూ సీ బుక్కులోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. గ్యాస్, బ్యాటరీ వంటి వేరే ఇంధనానికి మార్చుకోవడానికి షరతులతో కూడిన మినహాయింపు ఉంది, డీజిల్ తీసి మరో డీజిల్ పెట్టడానికి లేదు. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను ఖరాఖండిగా వ్యాఖ్యానించింది. రాష్ట్ర నిబంధనలు వెసులుబాటు ఇస్తున్నట్టు కనిపించినా తయారీదారు నిర్దేశాలను దాటి మార్చడానికి వీల్లేదని చెప్పింది. తప్పితే 182ఎ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ‘ఒక్కో మార్పుకు’ అన్న మాట గమనించండి. మీ కోరికల చిట్టా కొంచెం పొడవైనదే.

ఆ పికప్ ఇంజిన్ ఎక్కడిదో కూడా అడగండి. బిల్లు లేని ఇంజిన్ మీద నంబరు ఉంటుంది, ఆ నంబరుకు ఒక బండి ఉంటుంది, ఆ బండికి ఒక యజమాని ఉంటాడు. అది దొంగ సొత్తని తెలిసి, లేదా తెలుసుకోగలిగీ దగ్గర ఉంచుకుంటే మోటారు చట్టంతో పోదు, భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ దాకా వెళ్తుంది. నంబరు అరగదీసి కొత్తది కొట్టిస్తానని ఎవరైనా అంటే ఆ షెడ్డు నుంచి బండి తెచ్చేసుకోండి.

ముందు పెట్టే ఇనుప గార్డు వద్దని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. పాదచారులకు ప్రమాదం. పైన లైట్ల వరుస విషయంలో 111వ నిబంధన అడ్డు వస్తుంది. స్పాట్ లైటు, సెర్చి లైటు అసాధారణ పరిస్థితుల్లో రిజిస్ట్రేషన్ అధికారి అనుమతితో తప్ప కుదరదు. రంగు సంగతి చెబితే మీరు బాధపడతారు. ఆలివ్ ఆకుపచ్చ రక్షణ శాఖ వాహనాలకు మాత్రమే అని 121వ నిబంధన. జీపు అనగానే అందరికీ ఆ రంగే కళ్ళ ముందు మెదులుతుంది. నాకూ అంతే. అయినా మరో రంగు ఎంచుకుని, అది సీ బుక్కులో నమోదయ్యేలా చూసుకోండి. టైర్లు కంపెనీ ఆ మోడల్‌కు చెప్పిన కొలతల్లో ఉన్నంతవరకు పేచీ లేదు. ఎత్తు పెంచడం వద్దనే నా సలహా. బ్రేకుల తీరూ, మలుపులో బండి నిలకడా మారిపోతాయి. అది బండి మౌలిక స్వరూపంలో మార్పు కాదని వాదించవచ్చు గానీ, ఆ వాదన నేను మీ తరఫున కోర్టులో చేయవలసి రావడం నాకు ఇష్టం లేదు.

‘సొంత తోటలోనే కదా’ అన్నారు. చాలామంది ఇక్కడే పొరబడతారు. మోటారు వాహనాల చట్టం 39వ సెక్షన్ బహిరంగ స్థలంలోనే కాదు, ‘మరే ఇతర స్థలంలోనైనా’ రిజిస్ట్రేషన్ లేకుండా నడపకూడదంటుంది. విశాఖ ఉక్కు కర్మాగారం ప్రాంగణం లోపలే తిరిగిన వాహనాలకు మోటారు పన్ను కట్టనక్కర లేదని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. దాన్ని ఆసరాగా తీసుకోకండి. అది పన్ను గొడవ. పైగా అక్కడ చుట్టూ గోడ, గేటు దగ్గర కాపలా, పాసు లేనిదే ప్రవేశం లేదు. మీ తోటకు కంచె ఉన్నా, మీ జీపు ఊళ్ళోంచి రోడ్డు మీదుగా వెళ్ళాల్సిందే.

బీమా గురించి మీరు అడగలేదు గానీ నేను ఎక్కువ భయపడేది దాని గురించే. మార్పులు దాచిపెట్టి పాలసీ తీసుకుంటే, ముఖ్యమైన విషయం దాచారన్న కారణంతో 150వ సెక్షన్ కింద కంపెనీ తప్పుకోవడానికి ప్రయత్నిస్తుంది. అప్పుడు ప్రమాదంలో గాయపడిన వారి పరిహారం చివరికి మీ జీడితోట మీదికి రావచ్చు. మిత్రులు పోటీలు పెట్టుకున్నా జాగ్రత్త. వ్యవస్థీకృత పందేలు పాలసీలో మినహాయింపుగా ఉండవచ్చని అదే సెక్షన్ చెబుతోంది.

మహేంద్రగిరి వైపు రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా బండి తోలడం అటవీ నేరం. కొండ శిఖరం ఒడిశాలో ఉంది కాబట్టి, సరిహద్దు దాటితే అక్కడి అటవీ చట్టం వర్తిస్తుంది. బాగా అరిగిన దారి కనిపించింది కదా అని అది పబ్లిక్ రోడ్డు అనుకోకండి, ఊరి వాళ్ళనీ ఫారెస్టు వాళ్ళనీ అడిగి వెళ్ళండి. బారువ సంగతి ఇంకా సున్నితం. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మన తీరానికి వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. వన్యప్రాణి రక్షణ చట్టం, 1972లో ‘వేట’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో సరీసృపాల గుడ్లను పాడుచేయడం, గూళ్ళను కదిలించడం కూడా ఉన్నాయి. గూడు బయటికి కనిపించదు, మీ టైరుకు తెలియదు. ఆ నెలల్లో బండిని రోడ్డు మీదే ఆపి ఇసుకలోకి నడిచి వెళ్ళండి.

ఇప్పుడు నవంబరు గడువు. మీ బండికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకు, 2011 వరకు. తర్వాత ఐదేళ్ళ చొప్పున పొడిగిస్తూ వచ్చారు, ఇప్పుడు మళ్ళీ ఆ వంతు వచ్చింది. ఫారం 25 దరఖాస్తు గడువుకు 60 రోజుల ముందు నుంచి పెట్టుకోవచ్చు. 2025 ఆగస్టు సవరణతో 20 ఏళ్ళు దాటిన ఇలాంటి తేలికపాటి వాహనానికి పునరుద్ధరణ రుసుము 10,000 రూపాయలైంది. తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టర్ ముందుగా చూసేవి ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు. అవి బుక్కుతో సరిపోవాలి. కాబట్టి పేరు మార్పు దరఖాస్తు ఈ వారమే పెట్టండి. జీపు పాత ఇంజిన్‌నే బోరుకు ఇవ్వండి, మెకానిక్ దండగన్నా సరే.