తీగ సాగింది, ఉప్పు పగిలింది

హనుమకొండ

తమ్మీ,

రసాయన బంధాల మీద నువ్వు పంపిన వ్యాసం బస్సులో ఒకసారి, ఇంటికొచ్చాక ఒకసారి చదివాను. పెద్ద తప్పులేమీ లేవు. కానీ అయానిక, సమయోజనీయ, లోహ బంధాలంటూ మూడు నిర్వచనాలు వరుసగా పెట్టేసరికి నాకు ఇంటర్ పరీక్ష ముందురోజు టెన్షన్ మళ్లీ వచ్చింది. చదివేవాళ్లకు ఆ బాధ పెట్టకు.

కరీంనగర్‌లో వెండి తీగ పని చేసేవాళ్ల దగ్గర ఒక పూట కూర్చో. కడ్డీ కొసను సన్నగా చేసి, కమ్మెచ్చు అనే చిల్లుల పలకలో ఒక చిల్లులో దూర్చి, అవతలి నుంచి లాగుతారు. తర్వాత ఇంకాస్త చిన్న చిల్లు. తీగ సన్నబడుతూ పోతుంది గానీ తెగదు. దాన్నే సుత్తితో కొడితే రేకులా సాగుతుంది. ఉప్పుగల్లును కొట్టి చూడు, పొడి అవుతుంది. ఉప్పులోది అయానిక బంధం: సోడియం ధనావేశంతో, క్లోరిన్ రుణావేశంతో ఒకటి విడిచి ఒకటి కూర్చుని ఉంటాయి. దెబ్బకు ఒక వరుస ఒక్క స్థానం జరిగితే చాలు, ధనానికి ఎదురుగా ధనం, రుణానికి ఎదురుగా రుణం వచ్చి నెట్టుకుంటాయి. వెండిలోది లోహ బంధం, అలా కాదు. అక్కడి ఎలక్ట్రాన్లు ఊరుమ్మడి చెరువు నీళ్లు, ఏ ఒక్క పరమాణువు సొత్తూ కావు. వరుస జరిగినా పట్టు పోదు.

అక్కడితో లేచి రాకు. కొన్ని చిల్లులు దాటాక తీగ మొండికేస్తుంది, ఇంకా లాగితే పుటుక్కుమంటుంది. అప్పుడు పనివాడు దాన్ని మంటలో ఎర్రబడేదాకా కాల్చి చల్లారుస్తాడు. మళ్లీ మెత్తబడుతుంది. వెండి అదే, బంధమూ అదే. లాగినకొద్దీ పరమాణువుల వరుసల్లోని లోపాలు పెరిగి, చిక్కుపడి, ఒకదాన్నొకటి కదలనివ్వకుండా చేశాయి. వేడికి ఆ చిక్కు పోయి కొత్త స్ఫటికాలు ఏర్పడ్డాయి. 'పదార్థం గుణం బంధాన్ని బట్టే' అన్న నీ వాక్యాన్ని ఇక్కడే కొట్టేయాలి.

ఇలాంటి తొందర నేనూ పడ్డాను. గ్రాఫైట్‌లో కార్బన్ బంధాలు బలహీనం, అందుకే మెత్తన అని ఒకసారి రాసేశాను. ఒక బడిపంతులు కార్డు రాశారు: గ్రాఫైట్ పొరలో బంధం పొడవు 1.42 ఆంగ్‌స్ట్రాములు (సెంటీమీటరులో పది కోట్లవ వంతు ఒక ఆంగ్‌స్ట్రాము), వజ్రంలో 1.54, మరి పొట్టి బంధమే కదా గట్టిది అని. సిగ్గేసింది. పొరకూ పొరకూ మధ్య 3.35 ఆంగ్‌స్ట్రాముల ఎడం ఉంది, పట్టు తక్కువైంది అక్కడ. పెన్సిల్‌తో రాస్తే కాగితం మీద రాలేది ఆ పొరలే.

'ఎలక్ట్రాన్ కోరుకుంటుంది' అని ఆరుచోట్ల రాశావు. ఒకటి ఉంచు.

కోనసముద్రం ఉక్కును మాత్రం రెండు వాక్యాల్లో తోసేశావు, నాకు నచ్చలేదు. పర్షియా వర్తకులు వెతుక్కుంటూ వచ్చిన మన నిజామాబాద్ జిల్లా ఊరది! ఆ రకం ఉక్కులో కార్బన్ సుమారు 1.5 శాతం. ఇనుముతో కలిసి సిమెంటైట్ అనే గట్టి, పెళుసు పదార్థమవుతుంది. అది చారలు చారలుగా పరుచుకోవడం వల్లే కత్తి మీద నీటి అలల్లాంటి గీతలు. ఆ ఉక్కు సంగతి ఇందులోంచి తీసి వేరే వ్యాసానికి దాచుకో.

ముందు కరీంనగర్ వెళ్లిరా. ఫోటోలు లేకపోయినా పర్లేదు గానీ, కాల్చేటప్పుడు తీగ రంగు ఎలా మారిందో, ఎన్ని చిల్లులకోసారి కాల్చారో అక్కడే కూర్చుని రాసుకో.

నీ అన్న