ఆ ఇరవై గుంటలకు బేరం పెట్టవద్దు

ప్రశ్న: ఇంటర్ ఎంపీసీ పూర్తయింది. సినిమాటోగ్రాఫర్ కావాలని నా కోరిక. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సంస్థ ఏడాది డిప్లొమాకు ఆరు లక్షలు అడుగుతోంది. నాన్న రైసు మిల్లులో గుమాస్తా. ఉన్న ఎకరంలో ఇరవై గుంటలు అమ్మి కడతానంటున్నారు. అమ్మ మాత్రం బీకాంలో చేరమంటోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: అమ్మా, ముందు ఆ ఇరవై గుంటలకు బేరం పెట్టవద్దని మీ నాన్నగారికి చెప్పు. దేవరకొండలో మా నాన్న నా మొదటి వీడియో కెమెరా కోసం ఎద్దుల జత అమ్మాడు. మూడేళ్లకు ఆ కెమెరాను అడిగేవాడు లేడు. ఎద్దులు మళ్లీ మా కొట్టంలోకి రాలేదు.

ఏడాది డిప్లొమాల్లో మంచివీ ఉన్నాయి. వాళ్ల ఆఫీసుకు వెళ్లి ఒక్కటే అడుగు: వారానికి ఎన్ని గంటలు కెమెరా నా చేతిలో ఉంటుంది? జవాబు చెప్పకుండా గోడ మీది హీరోల ఫోటోలు చూపిస్తే, చెప్పులు తొడుక్కుని వచ్చెయ్.

ఇక చదువు సంగతి. పుణెలో 1960లో పాత ప్రభాత్ స్టూడియో స్థలంలో మొదలైన ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, కోల్‌కతాలోని సత్యజిత్ రాయ్ ఇన్‌స్టిట్యూట్, రెండూ ప్రభుత్వానివి. రెండింట్లోనూ సినిమాటోగ్రఫీ కోర్సుకు డిగ్రీ ఉండాలి, ఏ డిగ్రీ అయినా సరే. అంటే అమ్మ చెబుతున్న బీకాం నీ దారికి అడ్డం కాదు. నేనైతే భౌతికశాస్త్రం ఉన్న బీఎస్సీ చదవమంటాను. కటకం, కాంతి నీకు ఎలాగూ తెలిసిన పాఠాలే. ఇంటర్‌తోనే చేరాలంటే హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లో ఫోటోగ్రఫీ బీఎఫ్‌ఏ, అంటే లలితకళల డిగ్రీ ఉంది. ప్రవేశ పరీక్ష రాయాలి.

మీడియా వైపు మనసు మళ్లితే ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954 నుంచి నడుస్తోంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కమ్యూనికేషన్ ఎంఏ చేయవచ్చు.

కెమెరా అనగానే అందరికీ వెండితెరే గుర్తొస్తుంది. నా శిష్యుల్లో ఎక్కువ మంది అన్నం తినేది మాత్రం న్యూస్ చానళ్లు, ప్రకటనలు, పెళ్లిళ్లు, పాఠాల వీడియోల మీద. ఒకడు చీకటి గదిలో కూర్చుని సినిమాల రంగులు సరిచేస్తాడు. అతని పేరు ప్రేక్షకులకు తెలియదు, జీతం మాత్రం నెలనెలా వస్తుంది. హైదరాబాద్‌లో సినిమావాళ్లు ఉండే కృష్ణానగర్ టీ కొట్ల దగ్గర అవకాశం కోసం ఏళ్లకేళ్లు నిలబడే వాళ్లకు ఆ మాట చెబితే కోపం వస్తుంది.

అడగకపోయినా, ఆడపిల్లకు కెమెరా ఎందుకన్న మాట మీ ఇంట్లో వచ్చే ఉంటుంది. బి.ఆర్. విజయలక్ష్మి 1980లలోనే తమిళ సినిమాలకు ఛాయాగ్రహణం చేశారు. ఆమె తండ్రి దర్శకుడు బి.ఆర్. పంతులు. నీకు ఆ అండ లేదు, నిజమే. అందుకే చేతిలో డిగ్రీ ఉండాలంటున్నాను.

ఈలోగా నీకు ఒక పని. నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది కదా. గర్భగుడిలో పగలంతా స్తంభం నీడ కదలకుండా నిలుస్తుంది. సూర్యుడు కదులుతున్నా నీడ కదలదేమిటని చూసినవాళ్లు ఆశ్చర్యపోతారు. అక్కడికి నేరుగా ఎండ రాదు. బయట చెదిరి, స్తంభాల సందుల్లోంచి తిరిగొచ్చిన వెలుతురు పడుతుంది. సెట్టు మీద మేము తెల్లటి థర్మోకోల్ అట్ట పట్టుకుని చేసే పని కూడా వెలుతురును అలా తిప్పడమే. ఆ గుడి కట్టిన కందూరు చోళుల నాటి శిల్పులకు అట్ట అవసరం రాలేదు.

ఒక ఆదివారం పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అక్కడే ఉండు. లోపల ఫోటో తీయనిస్తారో లేదో పూజారిగారిని ముందే అడుగు. వద్దంటే బయట మండపంలో స్తంభాలు చాలు. ఫోన్ కెమెరాతోనే పన్నెండు ఫోటోలు తీసి, ప్రతి దాని వెనక టైము, వెలుతురు ఎటు నుంచి వచ్చిందో రాసి పంపు. ఫిల్టర్లు వేసిన ఫోటోలు నేను చూడను.