వ్యాపారి రాజకీయాల్లోకి వచ్చేది సొంత లాభానికేనా?

వ్యాపారంలో గడించినవాడు రాజకీయాల్లోకి వస్తే ఉన్నది పెంచుకోవడానికే కదా, బ్రిటిష్ కాలంలోనైనా అలా కానివారున్నారా అని అడిగారు. ఉన్నారు. నాకు వెంటనే గుర్తొచ్చే పేరు మద్రాసులోని తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టి (1806–1868).

చెన్నై జార్జ్‌టౌన్‌లో మాకు బట్టల టోకు దుకాణం ఉండేది. చదువయ్యాక కొన్నేళ్లు అక్కడే పద్దులు రాశాను. మా వీధిలో అధికారులను పల్లెత్తు మాట అన్నవారిని చూడలేదు. తనిఖీకి వచ్చినవారు చందా అడిగితే ఇచ్చి పంపి, ధర్మం ఖాతాలో రాసేవాళ్లం. (ధర్మదేవత ఏమనుకుందో!) సరుకు దారిలో ఆగిపోతే వచ్చే నష్టం ముందు ఆ చందా ఎంత? అందుకే లక్ష్మీనరసు గురించి చదివినప్పుడు ఆయన దేశభక్తి కన్నా ముందు, వర్తకుడై ఉండి అంత ధైర్యం ఎలా చేశాడన్నదే నన్ను ఆశ్చర్యపరిచింది.

నీలిమందు, బట్టల వ్యాపారంలో సంపాదించిన డబ్బుతో 1844లో ఆయన 'క్రెసెంట్' అనే ఇంగ్లిషు పత్రిక పెట్టాడు. క్రైస్తవ మిషనరీలకు ప్రభుత్వం కొమ్ము కాస్తోందని, బైబిలును బడుల్లో పాఠ్యపుస్తకం చేయాలని చూస్తోందని అందులో ఎండగట్టాడు. ఆ పత్రిక ప్రకటనను గెజిట్‌లో అచ్చువేయడానికి కూడా ప్రభుత్వం ఒప్పుకోలేదు. అయినా వెనక్కి తగ్గలేదు. 1852లో మద్రాస్ నేటివ్ అసోసియేషన్ స్థాపించి, ఈస్టిండియా కంపెనీకి పాలన హక్కు ఇచ్చిన చార్టరు గడువు ముగిసే సమయానికి రైతుల బాధలు, పన్నుల భారం గురించి నేరుగా బ్రిటిష్ పార్లమెంటుకే అర్జీ పంపించాడు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ తర్వాతి సంగతి. డాన్బీ సేమూర్ అనే పార్లమెంటు సభ్యుడు 1853లో మద్రాసు వస్తే, లక్ష్మీనరసు ఆయన్ను వెంటబెట్టుకొని జిల్లాలకు తీసుకెళ్లాడు. శిస్తు కోసం రైతులను ఎలా హింసిస్తున్నారో కళ్లారా చూపించాడు. కిట్టి అనే చెక్క పరికరంలో వేళ్లు పెట్టి నొక్కడం, మనిషిని వంచి తాడుతో కట్టి ఎండలో నిలబెట్టడం అప్పట్లో మామూలు. మాటలతో బేరం తెగనప్పుడు గుడ్డ తాను విప్పి కొనేవాడి ముందు పరవడం బట్టల వర్తకుడికి తెలిసిన విద్యే. 1854లో పార్లమెంటులో చర్చ జరిగింది, విచారణ సంఘం వేశారు. హింస నిజమేనని 1855లో ఆ సంఘం తేల్చింది. అప్పటివరకు శిస్తు వసూలు, పోలీసు అధికారం ఒకే యంత్రాంగం చేతిలో ఉండేవి. 1859 చట్టంతో మద్రాసులో పోలీసు శాఖ వేరయింది.

1863లో ఆయన్ను మద్రాసు శాసన మండలికి నామినేట్ చేశారు. ఆ పదవి గొప్పదే గానీ, అసలు పని అప్పటికే అయిపోయిందని నా అభిప్రాయం. ఆస్తి కూడా అప్పటికి కరిగిపోయింది, చివరి రోజులు పేదరికంలోనే గడిచాయి. మా నాన్నకు ఈ కథ చెబితే, "పత్రిక వరకు సరే, జిల్లాల ప్రయాణం ఖర్చు ఏ ఖాతాలో రాసుకున్నాడో" అన్నారు.